టిష్యూ కల్చర్ జీ-9 అరటి మొక్కలు: రెండు చోట్ల కొన్నాం, తేడా ఇదీ

జీ-9 అనే అరటి రకం మొక్కలు, ల్యాబ్‌లో కణజాలం నుంచి పెంచినవి, మొదటిసారి మొక్క 13 రూపాయలు, రెండోసారి 19. ఆరడుగులకు ఆరడుగుల ఎడం పెడితే ఎకరాకు 1,210 మొక్కలు పడతాయి, అంటే ఎకరా మీద తేడా ఏడు వేల పైచిలుకు. ఆ ఏడు వేలు మిగిలాయని మా నాన్న ఎంత సంబరపడ్డాడో, ఆరో నెల వచ్చేసరికి అంత కుంగిపోయాడు. మాది రైల్వే కోడూరు దగ్గర ఒక పల్లె. అరటి, బొప్పాయి, మామిడి మీదే బతికే ఊరు. నేను తిరుపతిలో బోటనీ ఎమ్మెస్సీ చేసి ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటున్నాను కాబట్టి తోట లెక్కలు, మందుల లెక్కలు నావే. రెండు నర్సరీల పేర్లూ రాయడం లేదు, రెండింట్లోనూ మంచీ ఉంది, చెడూ ఉంది. కానీ జీ-9 పెట్టాలనుకునే ప్రతి ఒక్కరూ డబ్బు కట్టే ముందు కొన్ని ప్రశ్నలు అడిగి తీరాలి, వాటి కోసమే ఇంత రాస్తున్నాను.

మొదటి బ్యాచ్ 2022 జూన్‌లో వచ్చింది. తెలిసినాయన ద్వారా బుక్ చేశాం, అడ్వాన్స్ కట్టిన పది రోజులకే లారీ ఇంటి ముందుకొచ్చింది, ఆ విషయంలో ఒక్క మాట అనడానికి లేదు. మొక్కలు చూడముచ్చటగా ఉన్నాయి. అడుగు ఎత్తు, ఐదారు ఆకులు, కవర్లలో మట్టి గట్టిగా పట్టి ఉంది. 1,250 కొంటే దారిలో విరిగినవి పదకొండే. బిల్లుతో పాటు ఒక కాగితం ఇచ్చారు, దాని మీద 'వైరస్ రహిత మొక్కలు' అని పెద్ద అక్షరాలతో ఉంది, కింద స్టాంపు. బ్యాచ్ నంబరు లేదు, ఏ వైరస్‌కు టెస్ట్ చేశారో లేదు, ఎక్కడ చేశారో లేదు. నేను చదువుకున్నదాన్ని, అప్పుడే అడగాల్సింది. అడగలేదు.

నాటిన 40 రోజులకు తోట మధ్యలో ఒక మొక్క తేడాగా కనిపించింది. ఆకులు వాలకుండా నిక్కబొడుచుకుని ఉన్నాయి, సన్నగా, అంచులు పసుపు తిరిగి. నాన్న ముందు జింకు లోపం అనుకున్నాడు. నేను ఆ లేత ఆకును వంచి, వెనక వైపు ఎండకు పెట్టి చూశాను. నడిమి ఈనె నుంచి అంచుకు పోయే సన్న ఈనెల మీద ముదురాకుపచ్చ చుక్కలు, గీతలు, మళ్లీ చుక్కలు. పాత టెలిగ్రాఫ్ సంకేతాల్లాగా ఉంటాయి, పుస్తకాల్లో కూడా అదే పోలిక రాస్తారు. సన్న ఈనె నడిమి ఈనెలో కలిసే చోట చిన్న కొక్కెంలా కిందికి వంగి ఉంటుంది. ఆ కొక్కేలు కనిపించాక ఇక అనుమానం లేదు, ఇది అరటికి వచ్చే వైరస్ జబ్బు. బంచీ టాప్. "ఇది గెల ఎయ్యదు గదా అమ్మీ" అన్నాడు నాన్న. వేయదు. ముదిరిన మొక్కకు సోకితే వంకర గెల ఒకటి వచ్చినా వస్తుంది, ఈ వయసులో సోకితే ఆకులన్నీ మొవ్వులో గుత్తిగా ఇరుక్కుపోయి అక్కడితో ఆగిపోతుంది.

ఆ వారంలో తొమ్మిది, నెల తిరిగేసరికి 70, ఏడో నెలకు మొత్తం 212 మొక్కలు పీకాం. మా తోటలో గెల సగటున 25 కిలోలు తూగుతుంది, ఆ ఏడు మాకు పలికిన ధర కిలో 12. లెక్క వేసుకోండి, 63 వేలు. ఎరువులు, డ్రిప్పు, కూలీ ఖర్చు అందులో లేదు.

నర్సరీ వాళ్లకు ఫోన్ చేస్తే వాళ్లు చెప్పింది ఒకటే, "మీ పక్క తోటల నుంచి వచ్చింటుంది అక్కా, మా మొక్కలో ఏం లేదు." ఈ మాట పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు, అందుకే కాస్త వివరంగా రాస్తాను. ఈ వైరస్‌ను తోటలో మోసేది అరటి పేనుబంక. జబ్బు మొక్క మీద కనీసం నాలుగైదు గంటలు రసం పీల్చాక దాని ఒంట్లోకి వైరస్ చేరుతుంది, ఆ తర్వాత వారాల తరబడి మోస్తూనే ఉంటుంది. పక్క తోట నుంచి వస్తే మాత్రం సాధారణంగా గట్టు వైపు వరసల్లో మొదలవుతుంది, ఒక చోట నాలుగైదు మొక్కలు గుంపుగా, అక్కడి నుంచి లోపలికి. మా తోటలో అలా లేదు. మధ్యలో ఒకటి, తూర్పు మూలన ఒకటి, బోరు దగ్గర ఒకటి, ఎక్కడివక్కడ చెల్లాచెదురుగా, అన్నీ దాదాపు ఒకే వయసులో. విత్తనంలో కల్తీ ఉన్నప్పుడు మొలక ఎలా కనబడుతుందో అలా. అంటే మొదటి విడతలో చాలావరకు జబ్బు మొక్కలతో పాటే దిగింది, తర్వాత పేనుబంక దాన్ని పక్క మొక్కలకు పంచింది.

అక్టోబరులో నేనూ నాన్నా ఆ నర్సరీకి వెళ్లాం. ల్యాబ్ లోపల శుభ్రంగానే ఉంది. ల్యాబ్ నుంచి వచ్చిన లేత మొక్కల్ని బయటి వాతావరణానికి అలవాటు చేసి గట్టిపరిచే షెడ్డు దగ్గరే నా గుండె జారింది. మామూలు పచ్చ షేడ్‌నెట్, తలుపు దగ్గర బెత్తెడు సందు, షెడ్డును ఆనుకుని ఎవరూ పట్టించుకోని పాత అరటి గుబురు ఒకటి. ఆ గుబురులో ఒక పిలక మొవ్వు ఆకు మట్ట విప్పి చూస్తే మడతలో నల్లగా పేనుబంక, చీమలు బారులు తీరి ఉన్నాయి. ల్యాబ్‌లో ఎంత జాగ్రత్తపడి ఏం లాభం, ఆరు వారాలు ఆ గుబురు పక్కనే పెంచి అమ్ముతుంటే? అక్కడి కుర్రాడికి చూపిస్తే "సార్‌కి చెప్తా మేడమ్" అన్నాడు. సార్ మళ్లీ ఫోన్ ఎత్తలేదు. ఒక్క మొక్కకైనా డబ్బు వెనక్కి రాలేదు.

కొంతమంది మిత్రులు సలహా ఇచ్చారు, నర్సరీ మొక్కలోని వైరస్‌నూ పక్క తోటలోని వైరస్‌నూ సీక్వెన్సింగ్ చేయిస్తే, అంటే డీఎన్ఏ అక్షరాలు చదివిస్తే, ఎవరిది తప్పో తేలిపోతుంది కదా అని. తేలదు. బంచీ టాప్ వైరస్ జన్యుపదార్థం ఒకే పోగు కాదు, ఆరు చిన్న చిన్న డీఎన్ఏ వలయాలు, ఒక్కోటి సుమారు వెయ్యి అక్షరాల పొడవు, ఒక్కోటి ఒక్కో పని చేస్తుంది. ప్రపంచం మొత్తం మీద ఈ వైరస్‌లో రెండు పెద్ద కుదుర్లు ఉన్నాయి. ఒకటి ఆగ్నేయాసియాది, రెండోది పసిఫిక్, హిందూ మహాసముద్ర ప్రాంతాలది. రెండింటికీ మధ్య డీఎన్ఏలో తేడా దాదాపు 10 శాతం. మన దేశపు వైరస్ రెండో కుదురుది, ఆస్ట్రేలియా, ఫిజీ, ఆఫ్రికాలో ఉన్నదీ ఆ కుదురుదే. ఈ కుదురు లోపల తేడాలు చాలా తక్కువ, ఎందుకంటే అది ఎక్కువగా మనుషుల చేతుల మీదుగా, పిలకల మూటల్లో, తక్కువ కాలంలో దేశాలు దాటింది. ఒకే తల్లి పిలకలు ఊరంతా పంచినట్టు. కాబట్టి మా తోటలోదీ, పక్క తోటలోదీ, నర్సరీలోదీ చదివించినా మూడూ అచ్చుగుద్దినట్టు వచ్చే అవకాశమే ఎక్కువ. అయితే అది అలా మారకుండా కూర్చునే రకం కాదు. ఒకే మొక్కలో రెండు రకాలు కలిస్తే ఆ ఆరు వలయాల్లో కొన్ని ఇటువి, కొన్ని అటువి కలగలిసి కొత్త జట్టు పుట్టగలదు, ఒక వలయంలోనే ముక్కలు అటూ ఇటూ అతుక్కోగలవు. అలాంటివి నమోదయ్యాయి. అందుకే దేశాల మధ్య మొక్కల రవాణా మీద అంత పట్టుదల ఉండాలంటాను.

ఈ జబ్బు చరిత్ర చదివితే మన తోట బాధ కొత్తది కాదని అర్థమవుతుంది. 1889 నాటికే ఫిజీలో ఉంది. అక్కడి నుంచి 1913 ప్రాంతంలో ఆస్ట్రేలియా చేరి, 1920ల్లో అక్కడి అరటి సాగును దాదాపు తుడిచిపెట్టింది. చార్లెస్ మేగీ అనే యువ శాస్త్రవేత్త 1920ల మధ్యలో ఇది పేనుబంక, పిలకల ద్వారా వస్తుందని తేల్చాడు. మందు లేదు కాబట్టి జబ్బు మొక్కను వెతికి తీసేయడం, పిలకలు ఎక్కడి నుంచి తెచ్చారో లెక్క చెప్పాలనడం, ఇవే ఆయన పెట్టిన షరతులు. వాటిని చట్టంగా అమలు చేసి సాగును నిలబెట్టుకున్నారు. మన దగ్గర తమిళనాడు పళని కొండల కింది వాలుల్లో విరూపాక్షి అరటి 18 వేల హెక్టార్ల నుంచి 2 వేల హెక్టార్లకు పడిపోయిందంటే అందులో ఈ జబ్బుది పెద్ద పాత్ర.

సరే, రెండో కొనుగోలు. 2023 ఆగస్టు.

ఈసారి నేనే వెతికాను. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2006లో టిష్యూ కల్చర్ మొక్కలకు జాతీయ ధ్రువీకరణ విధానం పెట్టింది. చాలామందికి తెలియనిది ఏమిటంటే, అందులో ల్యాబ్‌కు ఇచ్చే గుర్తింపు వేరు, మొక్కల బ్యాచ్‌కు ఇచ్చే సర్టిఫికెట్ వేరు. "మాకు గుర్తింపు ఉంది సార్" అని గోడ మీద ఫ్రేము చూపిస్తారు. అది ల్యాబ్‌ది. మీరు కొనే మొక్కల బ్యాచ్‌కు సర్టిఫికెట్ ఉందా అని అడగాలి. అడిగితే మూడు చోట్ల మాట మార్చారు, నాలుగో చోట ఫోన్‌లోనే రిపోర్టు ఫోటో పంపారు. అక్కడే కొన్నాం. రిపోర్టులో నాలుగు వైరస్‌ల పేర్లు విడివిడిగా ఉన్నాయి: బంచీ టాప్, కుకుంబర్ మొజాయిక్, బ్రాక్ట్ మొజాయిక్, స్ట్రీక్. బ్యాచ్ నంబరు రిపోర్టు మీదా, ట్రేల మీదా ఒకటే. తల్లి మొక్కను పరీక్షించిన తేదీ కూడా చెప్పారు. ఆ తల్లి మొక్క సంగతే అసలు కీలకం. టిష్యూ కల్చర్ దానంతట అది వైరస్‌ను చంపదు. ఉన్నదాన్ని ఉన్నట్టు పెంచుతుంది. తల్లి దుంపలో వైరస్ ఉంటే ఆ ఒక్క దుంప నుంచి వచ్చే వందల మొక్కల్లోకీ పోతుంది. పిలకలతో అయితే జబ్బు ఒక ఊరు దాటడానికి ఏళ్లు పట్టేది, ఇప్పుడు ఒక్క లారీలో మూడు జిల్లాలు దాటుతుంది.

ఇక ఫలితం. 1,250 మొక్కల్లో ఏడాది మొత్తానికి బంచీ టాప్ వచ్చినవి నాలుగు, నాలుగూ పడమటి గట్టు వైపే, పక్క తోట నుంచే వచ్చినట్టు అర్థమవుతోంది. వెంటనే తీసేశాం, అక్కడితో ఆగింది. గెలలు ఒకేసారి వచ్చాయి, కోత ఇరవై రోజుల్లో అయిపోయింది, వ్యాపారి ఒకే ధర కట్టాడు. రకం తేడా పడి పొట్టిగా, ఆకులు మచ్చలుగా వచ్చినవి ఏడు. అది టిష్యూ కల్చర్‌లో కొంత ఉండేదే.

వాళ్ల మీద ఫిర్యాదులు లేకపోలేదు. చెప్పిన తేదీకి 18 రోజులు ఆలస్యం చేశారు, దుక్కి, గుంతలు సిద్ధం చేసుకుని కూర్చున్న వాళ్లకు ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. మొక్కలు సరిగా గట్టిపడలేదు, ఆకు పల్చగా మెత్తగా ఉంది, నాటిన వారంలో ఎండకు 60 దాకా మాడిపోయాయి. వాటికి బదులు మొక్కలు ఇస్తామని ఇచ్చింది 35. ఫోన్ చేస్తే ఎత్తేది మూడోసారికి. 19 రూపాయలు తీసుకున్నప్పుడు ఇవన్నీ సరిగా ఉండాలి, మాటల్లో కాదు.

ఇంకో సంగతి, ఇది జీ-9 వేసేవాళ్లకు కాదు, కర్పూర చక్కెరకేళి టిష్యూ కల్చర్ మొక్కలు కావాలని తిరిగే గోదావరి వాళ్లకు. మా పిన్ని కొడుకు రావులపాలెం దగ్గర ఉంటాడు, వాడూ ఇదే ల్యాబ్‌ను అడిగాడు. ల్యాబ్ వాళ్లు నమూనా పరీక్షించి స్ట్రీక్ వైరస్ పాజిటివ్ వచ్చింది, మేము చేయం అన్నారు. వాడు "తోటలో ఒక్క ఆకు మీద గీత కూడా లేదక్కా, పాజిటివ్ ఏంటి?" అని నాకు ఫోన్ చేశాడు. అప్పుడు కూర్చుని చదివితే నాకే ఆశ్చర్యమేసింది. మనం తినే అరటికి ఇద్దరు అడవి పూర్వీకులు. శాస్త్రవేత్తలు వాళ్ల జన్యు భాగాలను 'ఏ', 'బీ' అంటారు. జీ-9లో ఉన్న మూడు భాగాలూ 'ఏ'లే. కర్పూర చక్కెరకేళిలో రెండు 'ఏ', ఒక 'బీ'. ఆ 'బీ' వైపు పూర్వీకుడి డీఎన్ఏలో లక్షల ఏళ్ల కిందటే స్ట్రీక్ వైరస్ ముక్కలు వచ్చి అతుక్కుపోయాయి, మొక్క సొంత జన్యువుల్లో భాగమై తరతరాలుగా వస్తున్నాయి. డీఎన్ఏ ముక్కను వెతికి పట్టే మామూలు పీసీఆర్ టెస్టు ఆ అతుక్కున్న ముక్కను చూసి కూడా పాజిటివ్ అంటుంది, ఒంట్లో నిజంగా తిరిగే వైరస్‌ను చూసినా పాజిటివ్ అంటుంది. రెంటికీ తేడా చెప్పాలంటే వైరస్ కణాన్నే ముందు పట్టుకుని ఆ తర్వాత చేసే పరీక్ష ఒకటి, వలయాకార డీఎన్ఏను మాత్రమే పెంచి చూసే పద్ధతి ఒకటి ఉన్నాయి. పైగా కొన్ని సంకర రకాల్లో టిష్యూ కల్చర్ ఒత్తిడికే ఆ నిద్రపోతున్న ముక్కలు మేల్కొని పూర్తి వైరస్‌గా బయటికి రావడం రుజువైంది. అంటే బయటి నుంచి ఏ పురుగూ తేకుండానే, శుభ్రమైన సీసాలోనే జబ్బు పుట్టగలదు!

దీనికి తోడు స్ట్రీక్ వైరస్ అనేది ఒకటి కాదు, ఒకదానికొకటి బాగా దూరమైన చాలా జాతులు కలిపి పిలిచే పేరు. ఒక జాతికి సరిపడే పరీక్ష పెట్టి నెగిటివ్ వచ్చిందంటే మిగతావి లేవని కాదు. కాబట్టి 'బీ' ఉన్న రకాలు, అంటే కర్పూర చక్కెరకేళి, అమృతపాణి, బొంత, కొనేవాళ్లు రిపోర్టులో 'స్ట్రీక్ నెగిటివ్' అని చూసి ఆగిపోకండి, ఏ పద్ధతిలో చేశారని అడగండి. చెప్పలేకపోతే తిరుచిరాపల్లిలోని జాతీయ అరటి పరిశోధన కేంద్రాన్ని సంప్రదించండి, అరటి వైరస్ పరీక్షల మీద ఏళ్లుగా పనిచేస్తున్న సంస్థ అది. ల్యాబ్ వాళ్లు మా తమ్ముడి డబ్బుకు ఆశపడకుండా చేయం అని చెప్పడం నాకు నచ్చింది, అందుకు వాళ్లకు మార్కులు వేయాలి.

కుకుంబర్ మొజాయిక్ గురించి రెండు ముక్కలు. మొదటి ఏడాది అరటి వరసల మధ్య దోస వేశాం, అది మా పొరపాటే. ఈ వైరస్ 1,200 పైచిలుకు రకాల మొక్కల్లో బతకగలదు, 80కి పైగా పేనుబంక జాతులు దీన్ని మోయగలవు. దోస, టమోటా, మిరప, గట్టు మీద కలుపు, అన్నీ దానికి ఇళ్లే. మొక్క ఎంత శుభ్రంగా వచ్చినా పక్కనే దోస పెట్టుకుంటే సర్టిఫికెట్ ఏం కాపాడుతుంది? రెండో ఏడాది మధ్యలో జనుము తప్ప ఏమీ వేయలేదు.

నాన్న ఒకటే అడుగుతుంటాడు, ఇంత చదువులు చదివి వైరస్ రాని అరటి ఎందుకు పుట్టించలేరు అని. బంచీ టాప్‌ను పూర్తిగా తట్టుకునే అరటి రకం ఇంతవరకు సాగులో లేదు, అదీ నిజం. నేను బొప్పాయి సంగతి చెప్పాను, మా పక్క తోటల్లో బొప్పాయి రింగ్‌స్పాట్ వైరస్‌తో ఎలా పోతోందో ఆయనకు తెలుసు కాబట్టి. హవాయి దీవుల్లో పూనా ప్రాంతానికి 1992లో ఆ వైరస్ చేరి తోటలు పోతుంటే, డెన్నిస్ గొన్సాల్వెస్ బృందం అక్కడి వైరస్ పైపొర ప్రొటీన్ జన్యువునే బొప్పాయిలో పెట్టి 1998లో రైతులకు ఇచ్చింది, సాగు నిలబడింది. కానీ ఆ రక్షణ పనిచేసేది వైరస్ జన్యువు ఆ పెట్టిన ముక్కతో బాగా పోలి ఉన్నప్పుడే. తైవాన్, థాయిలాండ్ వైరస్‌ల మీద అది నిలవలేదు. మన దేశంలో రింగ్‌స్పాట్ వైరస్ ప్రాంతానికో తీరుగా ఉంది. అందుకే "ఏ వైరస్ వచ్చినా తట్టుకుంటుంది" అని ఎవరైనా విత్తనమో మొక్కో అమ్మజూపితే, ఏ ఊరి వైరస్ మీద పరీక్షించారు అని అడగండి.

జబ్బు మొక్క కనబడితే ఏం చేయాలో కూడా రాసేస్తాను, మేము మొదట తప్పు చేశాం. చూడగానే పీకి గట్టు మీద పడేశాం. మొక్క వాడిపోతుంటే దాని మీది పేనుబంక ఊరుకోదు, పక్క మొక్కకు నడుస్తుంది. ముందు ఆ మొక్కకూ చుట్టూ ఉన్నవాటికీ మొవ్వులోకి దిగేలా పురుగుమందు కొట్టాలి, మరుసటి రోజు దుంప, పిలకలతో సహా తవ్వి, ముక్కలు చేసి తోట బయట పూడ్చాలి. దుంపలో చిన్న కన్ను మిగిలినా మళ్లీ మొలుస్తుంది, మళ్లీ అదే జబ్బుతో. సోకిన వైరస్ బయటపడటానికి కనీసం ఇంకో రెండు ఆకులు రావాలి, అంటే మూడు నాలుగు వారాలు, కాబట్టి ఒకసారి తోట తిరిగి బాగుందని వదిలేస్తే కుదరదు. మేము మొదటి ఆరు నెలలు ప్రతి ఆదివారం వరస వరస తిరిగాం.

మార్కులు: మొదటి నర్సరీకి 5కు 1, ఆ ఒకటీ డెలివరీకి. రెండోదానికి మూడున్నర. వైరస్ పరీక్ష ఒక్కటే చూస్తే ఐదుకు ఐదూ ఇచ్చేదాన్ని, ఆలస్యానికీ మెత్తటి మొక్కలకూ కోసేశాను. వచ్చే జూన్‌కు మళ్లీ అక్కడే 1,300 బుక్ చేశాం, ఈసారి ఆరు వారాలు షెడ్డులో ఉంచి పంపాలని, బ్యాచ్ రిపోర్టు వచ్చాకే మిగతా సగం డబ్బు అని కాగితం మీద రాయించుకున్నాం. నాన్న వాళ్ల షెడ్డు చూసి రావడానికి ఈ శనివారం బయలుదేరుతున్నాడు. చుట్టుపక్కల పాత అరటి గుబుర్లేమైనా ఉన్నాయేమో చూసి రమ్మన్నాను.